ఫోటోలో ఉన్నావిడ పేరేమిటి?

ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ మెట్ల ముందు నిలబడి ఫోటో తీయించుకోని కుటుంబం మా తార్నాకలో ఒక్కటి ఉంటే చూపించండి, వాళ్లకి నా కొత్త నవల ఊరికే ఇచ్చేస్తాను. పాసైనవాళ్లు దిగుతారు, తప్పినవాళ్లూ దిగుతారు. ఊరినుంచి చుట్టాలొస్తే చార్మినారు తర్వాత చూపించేది దాన్నే. ఈమధ్య పెళ్లి కాకముందే కాబోయే దంపతులు పట్టుబట్టలు కట్టుకుని, వెంట ఇద్దరు ఫోటోగ్రాఫర్లని పెట్టుకుని మరీ వస్తున్నారు. 1939 డిసెంబరులో ఏడో నిజాం ఆ భవనాన్ని ప్రారంభించాడు. కట్టించిన రాజుగారి పేరు మనకి తెలుసు. నమూనా గీసిన బెల్జియం ఆర్కిటెక్టు జాస్పర్ పేరు కూడా చదువుకున్నవాళ్లకి తెలుసు. ఆ గులాబిరంగు రాళ్లు చెక్కినవాళ్లెవరు, చంకన పిల్లనేసుకుని తట్టలు మోసిన ఆడవాళ్లెవరు అంటే మాత్రం ఎవరం చెప్పలేం.

ఈ మాట అనుకున్నప్పుడే నాకో సందేహం వచ్చింది. అసలు మన దేశంలో బీదవాళ్లు ఫోటోల్లోకి ఎప్పుడొచ్చారు? ఫోటో అంటే మొదట్లో దొరలదీ, జమీందార్లదీ వ్యవహారం కదా. మన తాతల కాలంలో కూడా ఓ మోస్తరు కుటుంబంలో మనిషికి జన్మకో ఫోటో ఉంటే గొప్ప. మరి పూట గడవని మనిషి ముందు కెమెరా పెట్టినవాడెవడు, ఎందుకు పెట్టాడు?

వెతికితే తేలింది ఏమిటంటే, వాళ్లు కరువు పుణ్యమా అని వచ్చారు.

1876లో మొదలై 1878 దాకా సాగిన కరువుని రాయలసీమలో ధాత కరువంటారు. అది ధాత నామ సంవత్సరం. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు మాడిపోయాయి. దక్షిణాదీ, దక్కనూ కలిపి యాభై లక్షల పైచిలుకు మంది పోయారని లెక్కలు కట్టారు. ఆ కరువు నడిమధ్య, 1877 జనవరి ఒకటో తారీఖున ఢిల్లీలో లిట్టన్ దొర విక్టోరియా రాణిని చక్రవర్తినిగా ప్రకటిస్తూ దర్బారు చేశాడు. అదే నెలలో సర్ రిచర్డ్ టెంపుల్ అనే పెద్దమనిషి కరువు పనుల్లో రాళ్లు కొట్టే మగకూలీకి రోజుకి ఒక పౌను ధాన్యం, పైన ఓ అణా చాలునని తేల్చాడు. పౌనంటే మన లెక్కలో అర కిలో కూడా లేదు. ఇంట్లో వంట చేసే మనకి తెలుస్తుంది, పొద్దస్తమానం సమ్మెట కొట్టే మనిషి దాంతో ఎన్నాళ్లు నిలబడతాడో. మద్రాసు ప్రభుత్వంలో ఆరోగ్యశాఖ చూసే డాక్టర్ కార్నిష్ ఇది మనిషిని చంపే కూలి అని గట్టిగా పోట్లాడాడు. చివరికి కొంత పెంచక తప్పలేదు.

ఆ రోజుల్లో మద్రాసు అశ్వికదళంలో హూపర్ అనే అధికారి ఉండేవాడు. ఫోటోల పిచ్చి. ఎముకలగూళ్లలా ఉన్న మనుషుల్ని వరసగా కూర్చోబెట్టీ, పడుకోబెట్టీ ఫోటోలు తీశాడు. ఆనాటి కెమెరా అంటే ఇప్పటిలా జేబులో పట్టేది కాదు. గాజు పలకలూ, ముక్కాలిపీటా, నల్లగుడ్డా పెద్ద తతంగం. అంతసేపూ ఆ ప్రాణాలు కదలకుండా ఉండాలి. ఆ బొమ్మల్ని చూస్తే పెళ్లిలో గ్రూపు ఫోటో జ్ఞాపకం వస్తుంది నాకు. ఆ పోలికే ఒళ్లు జలదరింపజేస్తుంది. తర్వాత ఈ హూపరే బర్మా వెళ్లి, మాండలేలో ఖైదీల్ని తుపాకులతో కాల్చే సమయానికి సరిగ్గా తూటా తగిలే క్షణాన్ని పట్టాలని కెమెరా బిగించుకుని నిలబడ్డాడు. గొడవై, విచారణ జరిగి, మందలింపు తిన్నాడు. అయితే మరో మాట కూడా చెప్పుకోవాలి. ధాత కరువులో జనం ఎలా చచ్చారో ఇవాళ లోకానికి కళ్లారా చూపించేవి ఆ మనిషి తీసిన ఫోటోలే. ఎలాంటి చేతుల్లోంచి ఎలాంటి సాక్ష్యం మిగులుతుందో చూడండి.

మన హైదరాబాదు కథా వేరుగా లేదు. రాజా దీన్ దయాళ్ పేరు వినని వాళ్లుండరు. ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫరు. సికింద్రాబాదులో స్టూడియో పెట్టాడు. 1892లో పరదా స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, మగవాళ్ల నీడ పడకుండా ఓ ఇంగ్లీషు దొరసానిని దానికి అధికారిణిగా పెట్టాడు. ఎంత మర్యాద! బేగముల మొహం ఏ మగవాడూ చూడకూడదు. 1899-1900 కరువులో నిజాం రాజ్యంలోని ఔరంగాబాదు ప్రాంతంలో అదే దీన్ దయాళ్ సంస్థ సహాయ కార్యక్రమాల్ని ఫోటోలు తీసింది. కర్జన్ దొరకి చేరిన ఆల్బంలో కొన్ని ఫోటోల కింద రాసిన మాటకి అర్థం ‘కృశించిన రకాలు’. రకాలు! వంకాయల్లో రకాలున్నట్టు, చీరల్లో రకాలున్నట్టు. అక్కడున్న ఆడవాళ్లకి పరదా ఉందో లేదో ఎవరూ అడిగినట్టు లేదు.

ఇంతవరకూ తీసినవాళ్లు సర్కారు వైపు మనుషులు. రెండో వైపునించి కెమెరా పట్టుకొచ్చినవాడు సునీల్ జానా. ఈ వ్యాసం ఆయన కోసమే మొదలుపెట్టాను, దారిలో ఇంతమంది తగిలారు.

సునీల్ జానా 1918లో అస్సాంలో పుట్టి కలకత్తాలో పెరిగిన బెంగాలీ. ఇంగ్లీషు సాహిత్యం చదువుకుంటున్న కుర్రాడు. ఫోటోలు సరదాకి తీసేవాడు. విశేషమేమిటంటే ఆయన కంటిచూపు బలహీనం. 1943లో బెంగాల్ కరువొచ్చింది. ముప్ఫై లక్షల మంది పోయారంటారు. కలకత్తా వీధుల్లో జనం రాలిపోతుంటే సర్కారు ‘కరువు’ అన్న మాటే ఒప్పుకోలేదు. ఆగస్టు 22న స్టేట్స్‌మన్ పత్రిక ధైర్యం చేసి ఫోటోలు వేసేదాకా ఢిల్లీకి కబురు కబురుగానే ఉంది. అప్పుడే కమ్యూనిస్టు పార్టీ కార్యదర్శి పి.సి. జోషీ ఈ కుర్రాణ్ణి చదువు పక్కన పెట్టి రమ్మని, చిత్రప్రసాద్ అనే చిత్రకారుణ్ణి కూడా తీసుకుని కరువు జిల్లాలకి బయల్దేరాడు. ఒకాయన రాయడం, ఒకాయన బొమ్మలు గీయడం, ఒకాయన ఫోటోలు తీయడం. చిత్రప్రసాద్ బొమ్మల పుస్తకాన్ని సర్కారువారు పట్టుకుని తగలబెట్టారు. జానా ఫోటోలు పార్టీ వారపత్రికలో పడ్డాయి. జనం నోటితో విన్నదాన్ని కళ్లతో చూశారు. చందాలొచ్చాయి, బియ్యమొచ్చింది.

తర్వాత జానా బొంబాయిలో పార్టీ వాళ్లతో కలిసి ఉంటూ దేశమంతా తిరిగాడు. ఒరిస్సా, ఆంధ్ర, మన రాయలసీమ. 1946లో అమెరికానుంచి లైఫ్ పత్రిక తరఫున మార్గరెట్ బర్క్-వైట్ వచ్చింది. గాంధీగారు రాట్నం దగ్గర కూర్చుని చదువుకుంటున్న ఫోటో ఉందే, అది తీసినావిడ. దక్షిణాదిలో కరువు ప్రాంతాలు చూడాలంటే ఆవిడకి తోడు వెళ్లింది జానాయే. ఇద్దరూ మంచి స్నేహితులయ్యారు. ఆయన ఫోటోల్లో నన్ను పట్టుకునేది దృష్టి. హూపర్ గుర్రం మీంచి చూసినట్టు చూశాడు. జానా చాలాసార్లు కింద కూర్చుని, మనిషి మొహం ఆకాశం మీదికి వచ్చేలా తీశాడు. కూలివాణ్ణి తీసినా, చేపలామెని తీసినా, ఆ మనిషికి ఓ నిటారుతనం ఉంటుంది. కరువు ఫోటోల్లో అది కుదరలేదు. ఆకలితో ప్రాణం పోతున్నవాళ్ల ముందు నిలబడి అన్నం పెట్టకుండా ఫోటో తీయాల్సి రావడం తనకెంత బాధ అయిందో ఆయనే తర్వాత చెప్పుకున్నాడు.

1948 నాటికి జోషీ నాయకత్వం పోయింది, జానా కూడా పార్టీకి దూరమయ్యాడు. కలకత్తాలో స్టూడియో పెట్టుకుని నాట్యగత్తెల్నీ, గుళ్ల శిల్పాల్నీ, ఉక్కు కర్మాగారాల్నీ, గిరిజనుల్నీ తీశాడు. డాక్టరైన శోభని పెళ్లి చేసుకున్నాడు. ఆఖరి రోజులు అమెరికాలోని బర్క్‌లీలో గడిచాయి. 2012లో, మే నెలలో ఆవిడా, జూన్ 21న ఆయనా పోయారు. అదే ఏడాది మన ప్రభుత్వం ఆయనకి పద్మభూషణ్ ఇచ్చింది. మనిషికి తొంభై నాలుగో ఏడు వచ్చేదాకా ఆగి ఇవ్వడం మనవాళ్లకి అలవాటే.

ఇంత మంచివాడి ఫోటోల కింద కూడా ఊరి పేరు ఉంటుంది, సంవత్సరం ఉంటుంది. మనిషి పేరు అరుదు. గాంధీకీ నెహ్రూకీ జిన్నాకీ ఎటూ ఉంటుంది. కరువు తల్లికి ఉండదు.

ఇది ఒక్క జానా సంగతి కాదులెండి. బర్క్-వైట్ 1937లో అమెరికా దక్షిణ రాష్ట్రాల బీదరైతుల మీద ఓ పుస్తకం తెచ్చింది. ప్రతి ఫోటో కిందా ఆ మనిషి మాట్లాడినట్టు ఒక వాక్యం. చదివితే గుండె కరిగిపోతుంది. తీరా ముందుమాటలో చూస్తే, ఆ మాటలు ఆ మనుషులవి కావు, వాళ్లేం అనుకుంటూ ఉంటారో మేం ఊహించి రాశాం అని ఒప్పుకున్నారు. నవల రాసేదాన్ని, ఊహించి మాట్లాడించడం నా వృత్తి. కానీ నా పాత్రలకి ఆకలేయదు. ఎదురుగా కూర్చున్న మనిషి నోరు ఉండగా ఆ నోటికి మాట కల్పించడం మాత్రం నాకు మింగుడు పడలేదు.

డొరొతియా లాంగ్ అలా కాదు. చక్కగా అడిగి, వాళ్ల మాటలే నోటుపుస్తకంలో రాసుకునే మనిషి. 1936 మార్చిలో కాలిఫోర్నియాలో బఠాణీ చేలో కూలికొచ్చిన తల్లిని, భుజాల మీద మొహాలు దాచుకున్న పిల్లల్ని ఫోటో తీసింది. ప్రపంచంలో బీదరికం అంటే ఆ ఫోటోనే వేస్తారు ఇప్పటికీ. ఆ ఫోటోలు పత్రికలో పడగానే ఆ శిబిరానికి సర్కారు ఇరవై వేల పౌన్ల తిండి పంపింది. అప్పటికి ఆ తల్లి మరో ఊరికి పనికి వెళ్లిపోయింది. లాంగ్ ఆ రోజు తొందరలో ఉంది. వయసు అడిగింది, ముప్ఫై రెండు అంది. పేరు అడగలేదు. నలభై రెండేళ్లకి, 1978లో, ఓ పత్రిక విలేఖరి వెతికి పట్టుకుంటే తెలిసింది, ఆవిడ ఫ్లారెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని. ఆవిడ సంతోషించలేదు. నా పేరడగలేదు, నాకో కాపీ ఇస్తానని ఇవ్వలేదు, నాకు దమ్మిడీ రాలేదు, అసలు తీయకపోయినా బాగుండేది అంది. ఆ ఫోటో వల్ల వేలమందికి మేలు జరిగిందన్నది నిజం. ఆవిడ కోపమూ నిజం. ఈ రెండింట్లో ఏది పెద్దదో తూచే త్రాసు నా దగ్గర లేదు.

త్రాసంటే గుర్తొచ్చింది. మా తార్నాకలో, క్యాంపస్‌ని ఆనుకుని జాతీయ పోషకాహార సంస్థ ఉంది. బస్సులో వెళ్తూ రోజూ చూస్తాం, లోపలేం చేస్తారో ఎప్పుడూ అడగం. 1918లో కూనూరులో ఒక్క గదిలో పుట్టిన సంస్థ, 1958లో ఇక్కడికి వచ్చింది. ఇక్కడివాళ్లు ఆకలిని ఫోటో తీయరు, తూస్తారు. తెలంగాణలో జొన్నరొట్టె, జొన్నగటక తప్ప ఇంకేమీ దొరకని కూలీలకి మెడ చుట్టూ, చేతుల మీద చర్మం నల్లబడి పొలుసులు లేచే పెల్లాగ్రా జబ్బుకి కారణాలు వెతికింది డాక్టర్ గోపాలన్ బృందం. 1972నుంచి కొన్ని దశాబ్దాల పాటు ఊరూరా ఆహార సర్వేలు జరిగాయి. సర్వే చేసేవాళ్లు కొలగిన్నెలు పట్టుకుని ఇల్లాలి పక్కన కూర్చునేవారు. నిన్న ఏం వండావు? ఎన్ని బియ్యం పోశావు? మగవాళ్లకి ఎంత పెట్టావు, పిల్లలకెంత? నీకెంత మిగిలింది? ఈ ఆఖరి ప్రశ్న ఎంతమంది ఆడవాళ్లని ఎవరడిగి ఉంటారు చెప్పండి, సర్వేవాళ్లు తప్ప! అయితే లెక్కలో చేరాక ఆవిడ కూడా ఓ అంకె అయిపోతుంది. ఆ సంస్థలోనే పనిచేసిన డాక్టర్ వీణా శత్రుఘ్న ఆ అంకెల్ని నిలదీశారు. బీదవాడికి గింజలతో కడుపు నిండితే చాలని ఎవరు తేల్చారు, పాలూ గుడ్లూ వాళ్లకెందుకు అక్కర్లేదు అని.

ఈ వీణగారూ, యూనివర్సిటీలో రాజనీతి పాఠాలు చెప్పిన రమా మేల్కోటే, ఆ పక్కనే ఉన్న ఇంగ్లీషు భాషల సంస్థలో పనిచేసిన సూసీ తారూ, కె. లలిత, వసంత్ కన్నబిరాన్, ఉమామహేశ్వరి కలిసి స్త్రీ శక్తి సంఘటన పేరుతో ఓ పని చేశారు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్లని వెతుక్కుంటూ వెళ్లి, టేపురికార్డరు ముందు పెట్టి, చెప్పమని వినడం. 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ అని పుస్తకం వచ్చింది. అందులో ఎవరూ ‘రకం’ కాదు. ఎవరి పేరు వాళ్లది, ఎవరి మాట వాళ్లది, ఎవరి యాస వాళ్లది. పోరాటం బాగుందన్నవాళ్లున్నారు, అయిపోయాక మమ్మల్ని వంటింటికి పొమ్మన్నారని నిష్ఠూరం ఆడినవాళ్లూ ఉన్నారు. దొరకి ఎదురు తిరిగి తన పంట ఇల్లు చేర్చుకున్న పాలకుర్తి ఐలమ్మ కూడా అందులో మాట్లాడింది. 1985లో ఆవిడ పోయింది, పుస్తకం చూసుకోలేదు. కోఠీ ఆడపిల్లల కాలేజీ ఇప్పుడు యూనివర్సిటీ అయింది కదా, దానికి 2024లో ఆవిడ పేరే పెట్టారు.

కెమెరా పట్టినవాళ్లలోనూ ఆ మర్యాద నేర్చినవాళ్లు వచ్చారు. పాలగుమ్మి సాయినాథ్ మన తెలుగువాడే, వి.వి. గిరిగారి మనవడు. 1993నుంచి పదేళ్లు పది రాష్ట్రాల పల్లెల్లో పనిచేసే ఆడవాళ్లని ఫోటోలు తీసి, ఆ ప్రదర్శనని పెద్ద హాళ్లలోనే కాకుండా బస్టాండుల్లో, ఫ్యాక్టరీ గేట్ల దగ్గర, ఊళ్లలో పెట్టించాడు. అందులో ఓ ఫోటో ఉంది. పొలం గట్టున ఆసామి గర్వంగా, నిటారుగా నిలబడ్డాడు. వెనకాల తొమ్మిదిమంది ఆడవాళ్లు నడుములు వంచి నాట్లు వేస్తున్నారు. రోజుకి నలభై రూపాయలు ఇస్తున్నానన్నాడు ఆసామి. తర్వాత విడిగా అడిగితే, ఇరవై అయిదే అన్నారు ఆడవాళ్లు. రాయగడ వైపునుంచి వచ్చిన, సెంటు భూమి లేనివాళ్లు వాళ్లు. ఆ పదిహేను రూపాయల తేడా ఎంత మంచి కెమెరాకైనా చిక్కేది కాదు. 2014లో ఆయన మొదలుపెట్టిన పల్లె జీవితాల భాండాగారంలో ఫోటో కింద మనిషి పేరూ, ఊరూ, చేసే పనీ ఉండేలా చూస్తారు.

ఇవన్నీ చదివిన ఊపులో నేనూ ఓ ప్రయోగం చేశాను. మా ఇంట్లో పదకొండేళ్లుగా పనిచేస్తున్న ఆవిడ అంట్లు తోముతుంటే కిటికీలోంచి వెలుగు పడి, చేతులు మెరుస్తున్నాయి. ఫోన్ తీశాను. “గిట్లెందుకు తీస్తరమ్మా? రేపు మంచి చీర కట్టుకొని వస్త గద, అప్పుడు తియ్యుండ్రి” అంది. మర్నాడు నిజంగానే మెరూన్ రంగు చీర కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని వచ్చింది. హాల్లో, పుస్తకాల బీరువా ముందు నిలబడతానంది. సోఫాలో కూర్చోమంటే కూర్చోనంది. నవ్వమంటే నవ్వలేదు. నిటారుగా, నా కళ్లలోకి చూస్తూ నిలబడింది.

ఎందుకింత పట్టుదల అంటే చెప్పింది. వాళ్లాయన పోయినప్పుడు దండ వేయడానికి ఇంట్లో ఫోటో లేకపోయిందిట. రేషన్ కార్డు మీది బొమ్మని పెద్దది చేయించారు. “మొకం మొకం లెక్కనే లేదమ్మా, ఆయన్నని మాకు ఎరికె గాబట్టి దండం పెడ్తున్నం” అంది. తన విషయంలో పిల్లలకి ఆ ఇబ్బంది రాకూడదని.

రెండూ ప్రింటు వేయించి ఇచ్చాను. చీర ఫోటో రెండు చేతులా తీసుకుని, పైటకొంగుతో తుడిచి సంచిలో పెట్టుకుంది. అంట్ల ఫోటోని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, “ఇది మీరే ఉంచుకోండ్రి” అని బల్ల మీద పెట్టేసింది. ఈ వ్యాసంలో నీ సంగతి రాస్తాను, పేరు వేయనా అని అడిగాను. వేయొద్దంది. అందుకే వేయలేదు.